గుడ్డ మాకు, నిర్ణయం మీకా?

హాల్లో పెట్టిన పెద్ద అక్వేరియం కారడం మొదలుపెట్టిందంటే మన ఇళ్లల్లో జరిగేది ఒకటే. గుడ్డ ఇంటావిడ చేతికొస్తుంది. ఆ తొట్టిని ఏం చెయ్యాలన్న మాట మాత్రం మిగతా అందరి నోళ్లలో తిరుగుతుంది. ఈ పంపకం తప్పని నేనంటాను. కారే తొట్టిని ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. ఆ పనికి అందరికంటే తగిన మనిషి రోజూ ఆ నీళ్లు తుడుస్తున్న ఆవిడే. కాబట్టి బాగుచేసే నిర్ణయం, దానికయ్యే డబ్బు కూడా ఆవిడ చేతిలోనే ఉండాలి. నా గోలంతా ఇంతే. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదవండి.

మా నరసరావుపేటలో ఈ మధ్య కట్టిన ఇళ్లల్లో హాలు ఉందంటే, చాలాచోట్ల అందులో ఒక గాజు తొట్టి కూడా కనబడుతుంది. ఈశాన్యంలో నీళ్లుండాలని ఎవరో చెబితే పెట్టినవాళ్లు కొందరు. పిల్లలు మారాం చేస్తే తెచ్చినవాళ్లు కొందరు. గృహప్రవేశానికి బావగారో, స్నేహితులో కానుకగా ఇస్తే కాదనలేక పెట్టుకున్నవాళ్లు ఇంకొందరు. తెచ్చేటప్పుడు "దీని నీళ్లెవరు మారుస్తారు, అద్దానికి పట్టిన పాచి ఎవరు గీకుతారు" అని అడిగిన ఇల్లు నాకింతవరకు తగల్లేదు. అడగక్కర్లేదు కదా, జవాబు అందరికీ తెలిసిందే.

అసలు ఆ తొట్టి ఎంత బరువో ఎప్పుడైనా లెక్కేశారా? మా ఇంట్లోది 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 2 అడుగుల ఎత్తు. నిండా పోస్తే దాదాపు 340 లీటర్లు పడతాయి. అంటే నీళ్లే 340 కిలోలు. 10 మిల్లీమీటర్ల మందం అద్దాలు మరో 65 కిలోలు. అడుగున పోసిన గులకరాళ్లు వదిలేసినా 4 క్వింటాళ్లు దాటింది. మన పల్నాడు భాషలో చెప్పాలంటే ఇంచుమించు 10 మిర్చి టిక్కీలు. వాటిని హాల్లో, పసిపిల్లలు పాకే చోట, గాజు పెట్టెలో పెట్టుకుని కూర్చున్నామన్నమాట.

ఇంకో లెక్క కూడా చూడండి. నిండుగా ఉన్నప్పుడు ఆ నీళ్లు ముందు వైపు పెద్ద అద్దాన్ని బయటికి తోసే బలం సుమారు 225 కిలోల బరువుతో సమానం. ఆ బలాన్ని ఆపుతున్నది మేకులూ కాదు, ఇనుప చట్రమూ కాదు. అద్దానికీ అద్దానికీ మధ్య ఉన్న సన్నటి సిలికాన్ గీత. అది ఒకచోట పట్టు వదిలితే మొదట వచ్చేది ఒక్క చుక్కే. సెకనుకో చుక్క పడినా రోజుకు 4 లీటర్లకు పైనే. ఆ 4 లీటర్లూ ప్లైవుడ్ స్టాండులోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తాయి. స్టాండు వెనక ఉన్న కరెంటు బోర్డు వైపు పాకుతాయి. నున్నటి టైల్స్ మీద పరుచుకుని, తెల్లారుజామున బాత్రూముకి లేచిన అత్తగారి కాలికింద ఉంటాయి. డెబ్బై ఏళ్ల మనిషి ఒక్కసారి జారిపడితే తుంటి ఎముక ఏమవుతుందో, తర్వాత మంచంలో సేవ ఎవరు చేస్తారో నేను మీకు చెప్పక్కర్లేదు. అందుకే "కాస్తే కదా కారేది, తుడిచెయ్" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ చుక్కకి మన ఇళ్లల్లో మూడు రకాల జవాబులు వస్తుంటాయి. మూడూ తప్పే.

మొదటిది, "బయటినుంచి ఏదన్నా కాస్త పూసెయ్". ఎం-సీల్ ముద్దో, ఫెవిక్విక్కో, ఇంటికి రంగులేసినప్పుడు మిగిలిన పుట్టీయో. వాటి పనులకి అవి మంచివే, ఇది వాటి పని కాదు. నీళ్లు లోపలినుంచి బయటికి తోస్తాయి. బయట పూసిన ముద్దని ఆ తోపుడే ఊడగొడుతుంది. అదే లోపల వేసిన పట్టీనైతే ఆ తోపుడే అద్దానికి ఇంకా గట్టిగా అదుముతుంది. ఇంత చిన్న సంగతి. 2021 ఆగస్టు 5న మన పక్కనే కృష్ణ మీద పులిచింతల ప్రాజెక్టు 16వ నంబరు గేటు కొట్టుకుపోయినప్పుడు ఏం చేశారో గుర్తుందా? దాచుకున్న నీళ్లని మనసు చంపుకుని కిందికి వదిలేసి, మట్టం దించి, అప్పుడు గేటుకు ఎగువన స్టాప్‌లాగులు దించారు. లోపలి ఒత్తిడి తగ్గించకుండా బయట మాసిక వేస్తే నిలవదని ప్రాజెక్టు కట్టినవాళ్లకీ తెలుసు. హాల్లో తొట్టికీ సూత్రం అదే. నిజానికి మన కుటుంబాల్లో చాలా వాటికి ఇలాగే బయట మాసికలు వేస్తుంటాం. లోపల ఏముందో ఖాళీ చేసి చూడటానికి ఎవరికీ మనసొప్పదు.

రెండోది, "పారేసి కొత్తది కొందాం". ఈ మాట అనేవాళ్లు ఆ పారెయ్యడం ఎక్కడికో ఆలోచించరు. 65 కిలోల గాజు మడతపెట్టి డస్టుబిన్‌లో పడేసేది కాదు. సందు చివర పెడితే ఒకటి రెండు రోజుల్లో ఎవరో ఒకరు రాయి వేస్తారు. ఆ ముక్కలు ఏరేది పొద్దున్నే చెత్తబండితో వచ్చే పారిశుధ్య కార్మికులు. వాళ్లలో ఆడవాళ్లు ఎంతమందో మీ వీధిలో మీరే చూడండి. మన ఇంటి చుక్క ఇంకో ఆడమనిషి చేతికి గాయమై తేలుతుంది. ఇక చేపల సంగతి. "చెరువులో వదిలేస్తే బతుకుతాయిలే, పుణ్యం కూడా" అంటారు. ఎలాంటి పుణ్యమో వినండి. తొట్టిలో పాచి తింటుందని వేసే నల్లటి సక్కర్ చేప దక్షిణ అమెరికా జీవి. అలా వదిలేసినవే పెరిగి మన తెలుగు రాష్ట్రాల చెరువుల్లో, కాలువల్లో వ్యాపించాయి. దెయ్యం చేపలని జాలర్లు మొత్తుకునేది వీటి గురించే. వలలు చించుతాయి, గట్లు తవ్వుతాయి, అమ్మితే కొనే దిక్కుండదు. సాగర్ కుడి కాలువలోనో, ఊరి చెరువులోనో వాటిని వదలడం జాలరి ఇంటి పొయ్యి మీద నీళ్లు పొయ్యడమే.

పోనీ, కొత్తది కొన్నారే అనుకోండి. పాతది ఎందుకు కారిందో చూడకుండా అదే వంకర స్టాండు మీద పెడితే అదీ కారుతుంది. ఒక కాలు రెండు మిల్లీమీటర్లు ఎత్తు తక్కువైతే చాలు, 4 క్వింటాళ్ల బరువు అద్దాల్ని మెలితిప్పి అతుకుల మీద పడుతుంది. చాలా తొట్లు పాడయ్యేది జిగురు ముసలిదై మాత్రమే కాదు, కింద సమంగా లేక కూడా.

మూడోది, "నీకెందుకే ఇవన్నీ, ఎవరినన్నా పిలుద్దాం". పిలవండి, నేను వద్దనను. మా ఇంటికి ఒకతన్ని పిలిచారు. పది రోజులు రేపూ రేపూ అన్నాడు. ఆ పది రోజులూ స్టాండు కింద స్టీలు గిన్నె పెట్టి, నిండినప్పుడల్లా పారబోసింది నేను. పదకొండో రోజు వచ్చి, పాత సిలికాన్ మీదే కొత్తది పావుగంటలో పూసి, డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. రెండు వారాలకి మళ్లీ చుక్క. కారణం అతని చెయ్యి మంచిది కాకపోవడం కాదు. గట్టిపడిన పాత సిలికాన్‌ని కొత్త సిలికాన్ సరిగ్గా అంటుకోదు. అది ఆ పదార్థం గుణం. పాతదంతా గీకి తియ్యడానికి సగం పూట పడుతుంది. ఆ సగం పూట ఓపిక పావుగంట కూలికి రాదు. ఆ ఓపిక ఉన్నది ఇంట్లో మనిషికి.

"ఆడవాళ్లకి గాజు పనులేం తెలుసు" అని మా మరిది నవ్వాడు. అతనికి చెప్పిన సంగతే మీకూ చెప్తాను. బతికున్న నీటి జీవుల్ని గాజు తొట్టిలో పెట్టి గమనించడం మొదలుపెట్టినవాళ్లలో మొదటి పేరు ఒక ఆడమనిషిది. ఆవిడ జాన్ విల్‌ప్రూ పవర్. ఫ్రాన్సులో ఒక పల్లెటూళ్లో 1794లో పుట్టింది. పారిస్‌లో బట్టలు కుట్టి బతికింది, 1816లో ఒక రాకుమారి పెళ్లి గౌను కూడా కుట్టింది. పెళ్లయ్యాక సిసిలీ దీవిలోని మెస్సీనాకి వెళ్లి, 1832లో ఆర్గోనాట్ అనే సముద్ర జీవిని చూడటానికి గాజు తొట్లు చేయించుకుంది. ఆ జీవి తన గుల్లని వేరేవాళ్ల దగ్గర దొంగిలిస్తుందా, తనే కట్టుకుంటుందా అని పండితులు వాదించుకుంటుంటే, తొట్టి ముందు కూర్చుని చూసి, తనే కట్టుకుంటుందని తేల్చింది. సూది పట్టిన చేతికి గాజు కొత్తేం కాలేదు.

ఇంకో కథ కూడా ఉంది. 1846లో లండన్‌లో ఆనా థిన్ అనే ఆవిడ సముద్రం నుంచి పగడపు జీవుల్ని ఇంటికి తెచ్చి బతికించింది. అప్పటికి గాలి పంపులు లేవు. నీళ్లలోకి గాలి ఎక్కాలని ఆ ఇంటి పనిమనిషి కిటికీ దగ్గర నిలబడి ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి, మనం టీ తిరగబోసినట్టు, రోజూ అరగంటకి పైగా నీళ్లు తిరగబోసేది. యజమానురాలి పేరు పుస్తకాల్లో నిలిచింది. పనిమనిషి పని మాత్రమే నిలిచింది. అక్వేరియం పుట్టిన రోజునుంచీ దాన్ని బతికించింది ఎవరి చేతులో, పేరు ఎవరికి వచ్చిందో చూశారా?

సరే, బాగుచెయ్యడం అంటే ఏమిటి? శుభ్రం చెయ్యడం, ఆరనివ్వడం, ఆత్రపడకపోవడం. ఊరగాయ పెట్టిన ప్రతి మనిషికీ ఈ మూడూ వచ్చు. తడి చెంచా పడితే జాడీ పాడవుతుందని తెలిసినవాళ్లకి, తడి అద్దం మీద సిలికాన్ పట్టదని ఇంకొకళ్లు నేర్పాలా?

చుక్క కనబడగానే మొదట చెయ్యాల్సింది స్విచ్‌లు ఆపి ప్లగ్గులు పీకడం. తర్వాత నీళ్లు సగానికి దించడం. ఎత్తు సగమైతే అద్దం మీద తోపుడు నాలుగో వంతుకి పడిపోతుంది. అప్పుడు కంగారు లేకుండా ఆలోచించుకోవచ్చు.

కారేది నిజంగా తొట్టేనా అని కూడా చూడాలి. గాలి పంపుని నీటిమట్టం కంటే కింద పెడితే, కరెంటు పోగానే ఆ సన్న గొట్టంలోంచి నీళ్లు వెనక్కి వచ్చి నేలంతా తడుపుతాయి. దానికి గొట్టంలో పెట్టే చిన్న నాన్ రిటర్న్ వాల్వు చాలు. మన రెంటచింతల ఎండల్లో నీళ్లు ఆవిరయ్యేది కూడా తక్కువేం కాదు. అందుకని నీటిమట్టం దగ్గర అద్దానికి బయట ఒక బొట్టుబిళ్ల అంటించండి. పక్కనే ఒక బకెట్లో నీళ్లు పోసి దానికీ ఒక బిళ్ల అంటించండి. రెండు రోజులకి రెండూ ఇంచుమించు ఒకేలా దిగితే అది ఎండ. తొట్టి చాలా ఎక్కువ దిగితే అది కారడం. అలా దిగి దిగి ఒకచోట ఆగిపోతే, చిల్లు ఆ ఎత్తులోనే ఉందన్నమాట. చుక్క కింద కనబడినంత మాత్రాన చిల్లు అక్కడే ఉండదు. నీళ్లు అతుకు వెంబడి జారి ఇంకెక్కడో బయటపడతాయి.

చేపల్ని పాత నీళ్లతోనే ఒక టబ్బులోకి మార్చాలి. సబ్బు తగలని టబ్బు కావాలి. గాలి గొట్టం అందులో వెయ్యాలి. రెండు మూడు రోజులు మేత లేకపోయినా వాటికేం కాదు, మేత వేస్తేనే నీళ్లు పాడవుతాయి. ఫిల్టర్ స్పాంజిని మాత్రం శుభ్రంగా ఉందామని కుళాయి కింద పిండకండి. చేపల మలంలోంచి వచ్చే అమ్మోనియాని విరిచేసే బాక్టీరియా కాపురం ఉండేది అందులోనే. దాన్నీ పాత నీళ్లల్లోనే ఉంచాలి. తొట్టి బాగై చేపలు చచ్చిపోయాయని బాధపడే ఇళ్లల్లో తరచు జరిగే తప్పు ఇదే.

ఖాళీ చేసిన తొట్టిలో లోపలి మూలల వెంబడి ఉన్న పాత సిలికాన్‌ని బ్లేడుతో పూర్తిగా గీకి తియ్యాలి. చిల్లు ఉన్నచోట మాత్రమే కాదు, లోపల చుట్టూ. అద్దానికీ అద్దానికీ మధ్యలో ఉన్న జిగురు జోలికి మాత్రం పోకూడదు, తొట్టిని నిలబెట్టేది అదే. తర్వాత మన నీళ్ల సంగతి. పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు భూమంతా సున్నపురాయి. మన బోరు నీళ్లకి గిన్నెల అడుగున తెల్లగా పేరుకునేదే అద్దం మీదా పేరుకుంటుంది. ఆ తెల్లపొర మీద సిలికాన్ నిలవదు. నిమ్మచెక్కో, వెనిగరో పెట్టి రుద్దితే పోతుంది. అద్దం ఆరాక స్పిరిట్‌తోనో, రంగూ వాసనా కలపని అసిటోన్‌తోనో తుడవాలి. ఆ తర్వాత వేలు కూడా తగలనివ్వకూడదు, మన వేలి జిడ్డు చాలు పట్టు పోవడానికి.

షాపులో అడిగేటప్పుడు గట్టిగా అడగండి. నూటికి నూరుపాళ్లు సిలికాన్, అక్వేరియానికి పనికొస్తుందని ట్యూబు మీద రాసి ఉన్నది, వెనిగర్ వాసన వచ్చే రకం. బాత్రూములకి, సింకులకి అమ్మే దాంట్లో బూజు పట్టకుండా మందు కలుపుతారు. ఆ మందు చేపలకి విషం. "అన్నీ ఒకటేనమ్మా" అని కౌంటర్ వెనకాల ఆయన అంటాడు. అన్నీ ఒకటి కావు. చీర రంగు పోతుందా పోదా అని పది ప్రశ్నలు అడిగే మనం ఇక్కడ ఎందుకు మొహమాటపడాలి?

మూలకి రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించి, ఆ మధ్యలో సిలికాన్‌ని ఆగకుండా ఒకే వరసలో వేసి, గ్లవ్ వేసుకున్న వేలితో ఒక్కసారి నున్నగా లాగి, అది మీగడ కట్టకముందే టేపు తీసెయ్యాలి. కిటికీలన్నీ తెరిచి పెట్టాలి, ఆ ఘాటు ముక్కుకీ కళ్లకీ మంచిది కాదు. మెహెందీ కోన్ పట్టిన చెయ్యి, మురుకులు తిప్పిన చెయ్యి దీనికి భయపడాల్సిన పని లేదు. భయపడాల్సింది ఆ తర్వాత వచ్చే తొందరకి.

ఎందుకంటే సిలికాన్ ఆరడం వడియం ఎండటం లాంటిది కాదు. వడియంలోంచి నీరు బయటికి పోవాలి. సిలికాన్ గాల్లో ఉన్న తేమని లోపలికి తీసుకుని గట్టిపడుతుంది. రోజుకి రెండు మూడు మిల్లీమీటర్ల లోతు కంటే ఎక్కువ గట్టిపడదు. మన ఏప్రిల్ వడగాడ్పుల్లో తేమ తక్కువ కనక ఇంకా ఆలస్యమవుతుంది. ఎండలో పెడితే త్వరగా ఆరుతుందనుకోవడం పొరపాటు. గదిలో ఒక వెడల్పు పాత్రలో నీళ్లు పెట్టి, పుల్లటి వాసన పూర్తిగా పోయేదాకా ఆగాలి. పెద్ద తొట్టికి ఒక వారం ఆగడం మేలు.

ఆ వారం రోజులూ ఇంట్లో అందరూ డాక్టర్లే. "ఇంకా ఎన్నాళ్లు ఈ టబ్బు హాల్లో", "ఆరిపోయిందిగా, పొయ్యి", "చుట్టాలొస్తున్నారు, ఇవాళే పెట్టెయ్". పదిహేనేళ్లుగా కారిన ట్యాపుని రేపు చూద్దామన్నవాళ్లకి కూడా ఆ వారంలోనే తొందర పుడుతుంది. నేను ఒక్కటే అన్నాను, "బిర్యానీ దమ్ములో ఉన్నప్పుడు మూత తీస్తారా?" అని. ఆయన మళ్లీ మాట్లాడలేదు. వారం తర్వాత ఆయనా మా మరిదీ కలిసి ఖాళీ తొట్టి ఎత్తారు. స్టాండు కాళ్ల కింద సమం చేసి, పైన థర్మోకోల్ షీటు పరిచాం. మూడో వంతు నీళ్లు పోసి ఒక రోజు, రెండో వంతు పోసి ఒక రోజు, నిండా పోసి ఒక రోజు. కింద పరిచిన పేపరు పొడిగానే ఉంది. ఇప్పటికి ఏడాది దాటింది. అయిన ఖర్చు ఒక సిలికాన్ ట్యూబు, బ్లేడు, టేపు, స్పిరిట్. కొత్త తొట్టి ధర దాని పక్కన పెట్టి చూసుకోండి.

ఇక నాకు ఎదురయ్యే అసలు ప్రశ్న. మగవాళ్లది కాదు, ఆడవాళ్లదే. మా పక్కింటి వదిన అడిగింది. "వంట మనదే, పిల్లల చదువులు మనవే, పెద్దవాళ్ల మందులు మనవే. ఇప్పుడు ఈ తొట్టి బాగుచెయ్యడం కూడా మన నెత్తినే పెడతావా? బాగుచెయ్యడం వచ్చని తెలిస్తే రేపు ఫ్యాను, ఎల్లుండి మోటారు కూడా మనకే అంటగడతారు." న్యాయమైన మాటే. కొట్టిపారెయ్యను. కానీ వదినా, తొట్టి ఎప్పుడో మన నెత్తినే ఉంది. రోజుకి నాలుగుసార్లు గుడ్డ పిండటం పని కాదా? పది రోజులు గిన్నె మార్చడం పని కాదా? అది ఎవరూ లెక్క రాయని పని. బాగుచెయ్యడం మాత్రం అందరికీ కనబడే పని, ఒక్కసారితో తీరిపోయే పని. తీరని పనిని చేస్తూ ఉండిపోవడం కంటే, దాన్ని తీర్చే పనిని చేతిలోకి తీసుకోమంటున్నాను. ఉత్తినే కాదు, నిర్ణయంతో సహా, డబ్బుతో సహా. ఎప్పుడు ఖాళీ చెయ్యాలో నేను చెప్తాను. ఏ ట్యూబు కొనాలో నేను చెప్తాను. ఎన్ని రోజులు ఆగాలో నేను చెప్తాను. బరువులెత్తేది మాత్రం మీరు. ఇది నెత్తిన భారం పెట్టుకోవడం కాదు, పగ్గాలు చేతిలోకి తీసుకోవడం.

అలాగని అన్నింటికీ తెగించమనను. అద్దమే పగిలితే సిలికాన్ గీత పెట్టి సరిపెట్టకండి, ఆ పలక మార్చాల్సిందే. అద్దాల మధ్య అతుకులోనే పెద్ద పెద్ద బుడగలు కనబడినా, జిగురు పొరలా లేచిపోతున్నా తొట్టిని విప్పి మళ్లీ కట్టాలి, అది పనివాళ్ల పని. మనిషి ఎత్తు తొట్ల జోలికి ఇంట్లోవాళ్లు పోకూడదు. బెర్లిన్‌లో ఒక హోటల్లోని ఆక్వాడోమ్ అనే అక్వేరియం 2022 డిసెంబరు 16 తెల్లవారుజామున పగిలిపోయింది. అది ఆక్రిలిక్‌తో కట్టింది. సుమారు 10 లక్షల లీటర్ల నీళ్లు, 1,500 చేపలు వీధిలోకి వచ్చాయి. నీళ్ల బలాన్ని తక్కువ అంచనా వెయ్యకూడదు. మనకి వచ్చింది ఏమిటో, రానిది ఏమిటో గీత గీసుకోవడం కూడా తెలివే. ఆ గీత గియ్యాల్సింది చుక్కని రోజూ చూస్తున్న మనిషి. సోఫాలోంచి "ఏం కాదులే" అనే మనిషి కాదు.

అక్కలూ, చెల్లెళ్లూ, తొట్టి ఇంకా కొనని ఇల్లయితే కొనే రోజునే అడగండి. దీని నీళ్లెవరు మారుస్తారు, కారితే ఎవరు చూస్తారు, దానికి డబ్బు ఎక్కడిది? జవాబు లేకపోతే తొట్టి కూడా వద్దని చెప్పండి. వాస్తుకి నీళ్లే కావాలంటే ఒక ఇత్తడి ఉర్లిలో నీళ్లు పోసి నాలుగు పూలు వెయ్యొచ్చు. ఇప్పటికే ఉండి, అది కారుతున్న ఇల్లయితే ఈ రోజు సాయంత్రమే నీళ్లు సగానికి దించండి, ఎవరినీ అడగక్కర్లేదు. గుడ్డ పక్కన పెట్టి, బొట్టుబిళ్ల అంటించండి. మిగతాది రేపు పొద్దున మీరే నిర్ణయించండి.